చెవికీ వాల్వుకీ మధ్య ఒక్క కండెన్సరు

మా చుట్టాల్లో సగం మందికి నేను బతుకంతా ఏం పని చేశానో తెలీదు. మా మేనత్త పోయేదాకా నన్ను "రేడియోలు బాగుచేసేవాడు" అనే చెప్పుకుంది. మా వియ్యంకుడు పెళ్ళిలో "సౌండు ఇంజనీరు" అని పరిచయం చేస్తే, ఎవరో పెద్దాయన మైకు కీచుమంటోంది చూడమని నన్ను స్టేజీ ఎక్కించాడు. పట్టుపంచెతో ఎక్కి చూశాను, ఏం చేస్తాం.

నేను చేసింది వాల్వు యాంప్లిఫయర్ల పని. పాత రేడియోల్లో వెలిగే గాజు బుడ్లు ఉండేవే, అవి. ఇప్పటి పిల్లలు ట్యూబులంటారు. ఒకప్పుడు ఈ పని చచ్చిపోయిందనే అనుకున్నాం. నేను కూడా మధ్యలో కొన్నేళ్ళు ఇన్వర్టర్లు బాగుచేసి పొట్ట పోసుకున్నాను. ఇప్పుడు చూస్తే నోయిడాలో, గురుగ్రాములో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు మళ్ళీ నల్ల రికార్డులు కొంటున్నారు. ఫ్లాట్లలో, పీజీ గదుల్లో ఉంటారు, గోడ అవతలివాళ్ళు ఊరుకోరు, అందుకని హెడ్‌ఫోన్లు. అలా రికార్డు, వాల్వు, హెడ్‌ఫోను ఈ మూడూ ఒకచోట చేరి నాలాంటి ముసలాడికి మళ్ళీ పని దొరికింది. ఈ పని నేర్చుకుంటామని ఈమధ్య నా దగ్గరికి కొందరు వస్తున్నారు. ఇది వాళ్ళకోసం.

నాకు ప్రమోషన్లు లేవు, సన్మానాలు లేవు, కాబట్టి వాటి బాధ మీకు లేదు. ఒక శనివారం గురించి చెబుతాను. ఆ రోజు నా చేతి పని వల్ల ఒక మనిషికి ఉన్న ఒక్క చెవీ పోయేది. అది అర్థం కావాలంటే ముందు పని కాస్త అర్థం కావాలి. ఓపిక పట్టండి.

జత కుదర్చడం

రికార్డు గాడిలో సూది కదిలితే పుట్టే కరెంటు చీమ కుట్టడానికి కూడా చాలదు. దాన్ని ఒక చిన్న పెట్టె కాస్త పెద్దది చేస్తుంది. దాన్ని వాల్వు యాంప్లిఫయరు హెడ్‌ఫోనుకి సరిపడేలా తయారుచేస్తుంది. మన పనల్లా వీటికి జత కుదర్చడం. ఖరీదు చూసి జత కలిపేవాడు ఈ పనికి పనికిరాడు.

గురుగ్రాములో మన హైదరాబాదు అబ్బాయి ఒకడున్నాడు. పెద్ద కంపెనీ, పెద్ద జీతం. బజారులో అన్నిటికన్నా గొప్ప హెడ్‌ఫోను తెప్పించుకున్నాడు, గొప్ప వాల్వు యాంప్లిఫయరు కొన్నాడు. నన్ను పిలిచి, "అంకుల్, ట్యూబ్ సౌండంటే నిండుగా ఉంటదన్నరు, ఇదేంది గిట్ల పీలగుంది" అన్నాడు. హెడ్‌ఫోను చూస్తే ముప్పై ఓములది, అంటే కరెంటుకి అది పెట్టే అడ్డు చాలా తక్కువ. యాంప్లిఫయరేమో హెడ్‌ఫోను వైపు ట్రాన్స్‌ఫార్మరు లేని రకం, దానికి మూడొందల ఓముల హెడ్‌ఫోను కావాలి. నా సంచిలో పాతది, చెవుల మెత్తలు చిరిగిపోయింది ఒకటి ఉంటే తీసి తగిలించాను. పిల్లాడు రెండు పాటలు పూర్తిగా విన్నాడు. తర్వాత మొహం మాడ్చుకున్నాడు. పాపం, అంత పోసి కొన్నది పక్కన పెట్టమంటే ఎవరికైనా మండుతుంది.

ఇంకా ఏదో గుయ్యిమంటోందన్నాడు. యాంప్లిఫయరుని రికార్డు ప్లేయరు పక్కనే ఆనించి పెట్టాడు, లోపలికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు దానికీ ఉంటుంది, దాని మోతంతా సూది పట్టేస్తోంది. ఎత్తి మూరెడు దూరం జరిపాను, ఆగిపోయింది. ఏం చేశారంకుల్ అని అడిగాడు. జరిపానన్నాను. నమ్మలేదు.

ఇప్పుడు ఆ ట్రాన్స్‌ఫార్మరు లేని రకం గురించి ఒక్క మాట బాగా వినండి. అందులో వాల్వు వైపు నూరు, నూట యాభై వోల్టులుంటాయి. ఇవతల మనిషి చెవి. మధ్యలో కాపలా ఒక్క కండెన్సరు. పాటని వెళ్ళనిచ్చి, వోల్టేజీని ఆపడం దాని ఉద్యోగం. అది గాని ఒక్కసారిగా చెడిందా, ఆ వోల్టేజీ అంతా హెడ్‌ఫోను మీద పడుతుంది. చెవి దగ్గర తుపాకీ పేల్చినట్టుంటుంది, లోపలి తీగ కాలిపోతుంది. అందుకే ఈ రకం యాంప్లిఫయరు ముట్టుకునేవాడికి భయం ఉండాలి. భయం లేనివాడు మిక్సీలు బాగుచేసుకోవడం మంచిది.

బల్దేవ్ జీ

మా వర్క్‌షాపు లక్ష్మీ నగర్‌లో. కింద సీఏ కోచింగు, పైన ఇంకేదో కోచింగు, మధ్య అంతస్తులో మేం. మెట్లమీద ఎప్పుడు చూసినా పుస్తకాల సంచులతో పిల్లలు, వాళ్ళని తప్పించుకుంటూ నేను అయిదేసి కిలోల యాంప్లిఫయర్లు మోసుకెళ్ళేవాణ్ణి.

మా యజమాని బల్దేవ్ జీ సర్దార్ మనిషి. గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. ఆయనకి రెండే పట్టింపులు. ఒకటి, జాబ్ కార్డు రాయకుండా ఏ వస్తువూ విప్పకూడదు. పేరు, ఇల్లు, ఫోను నంబరు, ఏం మార్చాం, ఏం కొలిచాం, అన్నీ అందులో ఉండాలి. "పర్చీ నహీ తో కామ్ నహీ", చీటీ లేనిదే పని లేదు, అనేవాడు. రెండు, బాగుచేసిన ఏ వాల్వు యాంప్లిఫయరైనా హెడ్‌ఫోను బదులు ఒక రెసిస్టరు తగిలించి, వోల్టేజీ ఇవతలికి దాటుతోందేమో చూడ్డానికి మీటరు పెట్టి, మూడు గంటలు వెలిగించి ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడు ప్రతిదీ మంచిదే, వేడెక్కితేనే దాని బుద్ధి బయటపడుతుందని ఆయన నమ్మకం.

నాకు ఈ రెండూ చాదస్తంగా ఉండేవి. చెయ్యి తిరిగినవాణ్ణి, నాకు కార్డేమిటి అని లోపల ఉండేది. నా మొహంలో అది ఆయనకి కనపడేది కూడా. అయినా ఆయన ఎదురుగా ఉన్నాడు కాబట్టి చేసేవాణ్ణి.

ప్రభుదాసు గారు

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం వర్షాకాలంలో ప్రభుదాసు గారు వచ్చారు. నర్సాపురం వైపు మనిషి. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. భార్య గ్రేసమ్మ గారు పెద్దాసుపత్రిలో నర్సు, సరోజినీ నగర్ క్వార్టర్సులో కాపురం. నాకు తెలిసిన ఒక తెలుగాయన పంపాడు. ఇక్కడి తెలుగు చర్చిలో పాటల బృందానికి ఈయనే మాస్టారు.

కుర్చీ చూపిస్తే కూర్చోకుండా బల్ల చుట్టూ తిరిగి నాకు కుడివైపుకొచ్చి కూర్చున్నారు. చిన్నప్పుడు జ్వరం వచ్చి కుడి చెవి పూర్తిగా పోయిందట. బతుకంతా ఎడమ చెవితోనే నడిపారు. ఫోనంటే ఆయనకి గిట్టదు, ఏదైనా మనిషి ఎదురుగా ఉండాలి, పెదాలు కనపడాలి.

సంచిలోంచి ఒక రికార్డు తీశారు. వాళ్ళ ఊరి చర్చి బృందం ఎప్పుడో చేయించుకున్న రికార్డు అది, కాసినే కాపీలు వేశారు. అందులో ఒక కీర్తన నాలుగు వరసల్లో పాడారు. ఆడవాళ్ళవి పై గొంతు, కింది గొంతు, మగవాళ్ళవి పై గొంతు, కింది గొంతు. ఆ వరసలు కట్టిన మాస్టారు పోయారు, పాడినవాళ్ళూ చెదిరిపోయారు, కాగితం మీద ఎక్కడా లేదు. ఈయన ఒక్కో వరసా విని, రాసి, ఢిల్లీలో పుట్టిన పిల్లల చేత పాడించాలి. మూడు వరసలు ఎలాగో దొరికాయి. ఆడవాళ్ళ కింది గొంతు, ఆల్టో అంటారు, అది మాత్రం మిగతావాటిలో కలిసిపోయి దొరకడం లేదు.

"దాన్ని నాకు విడదీసి వినిపించండి మూర్తిగారూ. ఇంకేం వద్దు" అన్నారు.

ఇలాంటి పని నాకెప్పుడూ రాలేదు. సంబరపడ్డాను. రెండు చెవులకీ వెళ్ళే పాటని ముందే ఒకటిగా కలిపి ఆ ఎడమ చెవికి పంపేలా ఏర్పాటు చేశాను. మూడొందల ఓముల హెడ్‌ఫోను వెతికిచ్చాను. కొత్త సూది వేశాను. మనిషి గొంతు ఒకదాన్నుంచి ఒకటి విడిపడి వినపడాలంటే ట్రాన్స్‌ఫార్మరు లేని వాల్వు యాంప్లిఫయరే మేలని నా అభిప్రాయం, ఇప్పటికీ అదే. పాతది ఒకటి దొరికింది. చెవికొకటి చొప్పున ఉండే దాని కండెన్సర్లు రెండూ చెడిపోయి ఉన్నాయి, మార్చాలి. కొత్తవి రావడానికి వారం పైన పడుతుందన్నాను.

అక్కణ్ణుంచి ఆయన రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టారు. ఆఫీసు అయ్యాక సరోజినీ నగర్ వెళ్ళకుండా ఇటొచ్చి, అయిందా అని అడిగి, నిలబడి వెళ్ళిపోయేవారు. అంత తొందరేమిటండీ, క్రిస్మస్‌కి కావాలా అంటే, అలాగే అనుకోండి అన్నారు. నాకు కాస్త విసుగేసింది, కాస్త జాలేసింది.

ఆ జాలి దగ్గరే నా బుద్ధి గడ్డి తింది. నా సొరుగులో నాలుగు కండెన్సర్లున్నాయి. విదేశీవి, ఎప్పుడో కొన్నవి, ఎక్కడా వాడకుండా డబ్బాలో అలాగే ఉన్నవి. మా పనివాళ్ళకి ఒక పిచ్చి ఉంది. పాతకాలపు సరుకు, వాడనిది, సీలు విప్పనిది అంటే కళ్ళకద్దుకుంటాం. పాతదైతే చాలు మంచిదే అనుకుంటాం. కండెన్సరు ఊరికే కూర్చున్నా లోపల ఎండిపోతుందని తెలిసి కూడా అనుకుంటాం. అందులో రెండు తీసి వేసేశాను. అప్పుడు బల్దేవ్ జీ లూధియానాలో పెళ్ళికి వెళ్ళి ఉన్నాడు. కార్డు రాయలేదు. మన గోదావరి మనిషి, తెలుగులో మాట్లాడుకుంటున్నాం, మనవాడికి కార్డేమిటి అనుకున్నాను. ఇరవై నిమిషాలు మీటరు పెట్టి చూశాను, సున్నా చూపించింది. శనివారం మధ్యాహ్నం ఆటో ఎక్కించి పంపేశాను.

పంపుతూ ఒక సలహా కూడా ఇచ్చాను. వాల్వులు బాగా వేడెక్కితే పాట బాగుంటుంది, వినబోయే ముందు గంటసేపు వెలిగించి ఉంచండి అన్నాను. నాలుగింటికి వెలిగిస్తాను, అయిదున్నరకి మా ఆవిడ డ్యూటీ దిగి వస్తుంది, అప్పుడు వింటాను అన్నారు.

శనివారం

భోజనం చేసి కూర్చున్నాను. పని లేదు. మిగిలిన రెండు కండెన్సర్లు నా సొంత యాంప్లిఫయరులో వేసుకుందామని బుద్ధి పుట్టింది. వేసి, అలవాటు కొద్దీ మీటరు తగిలించి, టీ తెప్పించుకున్నాను. మొదటి గంట సున్నా. తర్వాత ఒకసారి చూస్తే సున్నా పాయింటు మూడు. పోనీలే అనుకున్నాను. ఇంకాసేపటికి రెండు. నేను చూస్తుండగానే తొమ్మిది, పదిహేను. చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళేలోపు టప్పుమని పేలింది. గదంతా కాలిన వాసన. మీటరు మీద నూట పది.

వెలిగించి గంటా నలభై నిమిషాలైంది. గడియారం నాలుగూ పది. అక్కడ ప్రభుదాసు గారు పది నిమిషాల క్రితం వెలిగించి ఉంటారు. అవీ ఇవీ ఒకే డబ్బాలోవి. నావి గంటా నలభై నిమిషాలు ఆగాయి కదా అని ఆయనవి కూడా ఆగుతాయని లేదు. ఆ చప్పుడు ఆ చెవిలో అయితే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా భయమేసింది.

ఫోను తీశాను. ఎవరికి చెయ్యాలి? నంబరు లేదు. కార్డు రాసుంటే ఉండేది. ఆయన్ని పంపిన పెద్దమనిషికి చేశాను, ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇంటి నంబరు కూడా తెలీదు. మాటల్లో ఒకసారి అన్నారు, పాల బూతు ఎదురుగా రెండో అంతస్తు అని. అంతే నా దగ్గరున్నది. సంచిలో స్క్రూడ్రైవరు వేసుకుని తలుపు దగ్గరికి లాగి పరిగెత్తాను.

మెట్రోలో యమునా బ్యాంకు స్టేషనులో దిగి మారాలి, మయూర్ విహార్‌లో దిగి మళ్ళీ మారాలి. ఆ రెండో మార్పు దగ్గర నడక చాలా ఉంటుంది. నా మోకాళ్ళు అప్పటికే అరిగినవి. పరిగెడుతుంటే జనం నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు, జేబుదొంగ అనుకున్నారో ఏమో. రైల్లో కూర్చోమని ఎవరో అమ్మాయి లేచింది, కూర్చోలేకపోయాను. లాజ్‌పత్ నగర్ దగ్గర రైలు ఆగి తలుపులు మూసుకోవడానికి పట్టిన ఆ కాస్తసేపూ నేను ఆయన దేవుడికీ నా దేవుడికీ ఇద్దరికీ మొక్కాను. ఆవిడ వచ్చేదాకా ఆగుతానన్నారు కదా అని ధైర్యం చెప్పుకున్నాను. ఆగే మనిషైతే నా దగ్గరికి రోజు విడిచి రోజు ఎందుకొస్తాడు అని మళ్ళీ నేనే అనుకున్నాను.

స్టేషను బయట శనివారం బజారు. బట్టల సంచులు పట్టుకున్న ఆడపిల్లలు, బేరాలు, తోపులాట. ఆటోవాళ్ళు అంత దగ్గరకి రామన్నారు. నడిచాను, నడక పరుగైంది. క్వార్టర్సు దగ్గరికొచ్చాక చూస్తే పాల బూతులు ఒకటి కాదు. నిజం చెబుతున్నాను, అక్కడ నడిరోడ్డు మీద నాకు ఏడుపొచ్చింది.

ఢిల్లీలో ఇల్లు దొరక్కపోతే ఇస్త్రీ చేసేవాళ్ళని అడగాలి. చెట్టుకింద బండి పెట్టుకున్న ఒకామె కనపడింది. మద్రాసీ నర్సు దీదీ ఇల్లెక్కడ అన్నాను. తెలుగువాళ్ళమంటే వాళ్ళకి అర్థం కాదు, అక్కడ మనందరం మద్రాసీలమే. ఏ మద్రాసీ నర్సు, ఇక్కడ ముగ్గురున్నారు అంది. భర్త పాటలు నేర్పుతాడు అన్నాను. ఇస్త్రీ పెట్టె ఎత్తి పట్టుకునే, ఒక చెవి వినపడని అంకుల్ జీ ఇల్లా అని అడిగి, రెండు వరసల అవతలి మెట్లు చూపించింది.

మీటర్ల దగ్గర

రెండో అంతస్తు ఎక్కేసరికి అయిదూ ఇరవై. తలుపుకి బయట తాళం లేదు, లోపల గడియ వేసి ఉంది. గుమ్మం దగ్గర మగవాళ్ళ చెప్పులు ఒక్క జతే ఉన్నాయి. బెల్లు కొట్టాను. తలుపు బాదాను. పేరు పెట్టి అరిచాను. లోపల చడీచప్పుడు లేదు. అప్పుడర్థమైంది. ఆ ఉన్న ఒక్క చెవి మీదా హెడ్‌ఫోను ఉంది.

పక్కింటావిడ తలుపు తీసి, ఏమైందంకుల్, లోపలే ఉన్నారే అంది. ఆమెకి జవాబు చెప్పకుండా కిందికి దిగాను. ప్రభుత్వ క్వార్టర్సుల్లో మీటర్లన్నీ మెట్లకింద ఒక్కచోటే ఉంటాయి. ఎనిమిది మీటర్లు, ఎనిమిది మెయిన్ స్విచ్చులు. వాటిమీద ఇంటి నంబర్లు ఎప్పుడో చెరిగిపోయాయి. ఏది ఆయనదో చూసుకునే టైము లేదు. వరసగా ఎనిమిదీ దించేశాను.

మెట్లన్నీ గోలెత్తిపోయాయి. ఎవరి టీవీ ఆగిందో, ఎవరి వాషింగ్ మెషీను ఆగిందో, అందరూ బయటికొచ్చారు. ఒకాయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఎవరు నువ్వు అని హిందీలో నిలదీశాడు. నేను పైకి చూపిస్తూ నిలబడ్డాను. అప్పుడు పైన గడియ తీసిన చప్పుడైంది. ప్రభుదాసు గారు మెట్లమీంచి తొంగిచూశారు. చేతిలో పెన్సిలుంది.

"మూర్తిగారా? మీరేంటి ఇక్కడ? కరెంటు పోయిందండీ, సరిగ్గా ఆల్టో వస్తుంటే" అన్నారు.

"ఇంక దాన్ని పెట్టుకోకండి" అన్నాను.

పైకెళ్ళి యాంప్లిఫయరు విప్పాను. ఎడమ వైపు కండెన్సరు ఉబ్బి ఉంది, వేలు ఆనించలేకపోయాను. ఎంతసేపు విన్నారని అడిగితే, ఆగలేక అయిదింటికే మొదలుపెట్టానన్నారు. చివరి అయిదు నిమిషాలు గరగర వచ్చిందట. రికార్డు మీద దుమ్మనుకుని, ఆల్టో వినపడాలని సౌండు ఇంకా పెంచారట.

కాసేపటికి గ్రేసమ్మ గారు వచ్చారు. యూనిఫాం మీదే ఉన్నారు. ఇరుగుపొరుగు చెప్పింది విన్నారు, తర్వాత నన్ను అడిగారు. ఏమీ దాచలేదు. పాత సరుకు వేశానని, కార్డు రాయలేదని, మూడు గంటలు చూడాల్సింది ఇరవై నిమిషాలు చూశానని చెప్పాను. ఆమె భర్త చెవి దగ్గర వేళ్ళు రాపిడి చేసి వినపడుతోందా అని అడిగారు. వినపడుతోందన్నారాయన.

"మా వార్డులో ఒకరి మందు ఇంకొకరికి వెళ్తే, మనిషికి ఏమీ కాకపోయినా పేషెంటుకి చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెడతాం. మీరు చెప్పారు. రాయండి కూడా" అన్నారు.

రాశాను. ఆ ఇంట్లో ఆ రోజు నాకెవరూ మంచినీళ్ళివ్వలేదు, ఇవ్వాల్సిన పని కూడా లేదు. సోమవారం తమ ఆసుపత్రిలో చెవి పరీక్ష చేయిస్తానని, నన్ను కూడా రమ్మని చెప్పారు. రమ్మనడం కాదు, హాజరు కమ్మనడం.

ఆదివారం బల్దేవ్ జీ తిరిగొచ్చాడు. అంతా చెప్పాను. కేకలేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. మనవాడి పనికైతే ఒకటి కాదు రెండు కార్డులు రాయాలి, ఎందుకంటే మనవాడు నిన్ను ఏమీ అడగడు అన్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చెప్పిన వాటిలో ఈ ఒక్కటీ నేను నోరు మూసుకుని విన్నాను.

సోమవారం

చెవి డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాను. వాళ్ళిద్దరూ లోపలికెళ్ళి చాలాసేపైంది. పోలీసు స్టేషను ముందు కూర్చున్నట్టు ఉంది నాకు. తలుపు తీసుకుని ముందు గ్రేసమ్మ గారు వచ్చారు, చేతిలో రెండు కాగితాలు. ఆమె మొహం చూసి చెవి పోయిందనుకున్నాను. లేచి నిలబడ్డాను.

"శనివారం వల్ల ఏమీ కాలేదంట" అన్నారు నాతో. తర్వాత భర్త ఎడమ వైపుకొచ్చి నిలబడి, "ఈ రెండో కాగితం ఏంటి?" అని అడిగారు.

అది రెండేళ్ళ నాటి పరీక్ష. ఆమె సెలవు పెట్టిన రోజు చూసుకుని ఆయన అదే ఆసుపత్రిలో చేయించుకున్నారు. కంప్యూటరులో ఆయన పేరు కొడితే డాక్టరుకి కనపడింది. అప్పటికే ఎడమ చెవి తగ్గుతోంది. ఇప్పుడు ఇంకా తగ్గింది. మందు లేదు. చెవికి మెషీను పెడితే మాటలు కొన్నాళ్ళు తెలుస్తాయి గాని, పాటలో నాలుగు గొంతులు విడివిడిగా తెలియడం ఇంక ఎన్నో నెలలుండదని డాక్టరు చెప్పాడు.

"నేను ఇదే ఆసుపత్రిలో పనిచేస్తున్నాను" అన్నారావిడ. కోపం కాదు అది. ఆయన నేలవైపు చూస్తూ, ఆల్టో రాసేశాక చెబుదామనుకున్నాను అన్నారు. ఆయన రోజు విడిచి రోజు మా మెట్లెందుకెక్కారో నాకు అప్పుడు తెలిసింది. తల ఎత్తలేకపోయాను.

ఎన్ని రోజుల్లో చేసిస్తారని ఆమె అడిగారు. కొత్త కండెన్సర్లు రావాలి, వేడి పరీక్షలు కావాలి, తొమ్మిది రోజులన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"తొమ్మిది చాలా ఎక్కువండీ. సొరుగులో ఉన్నదేదైనా వేసి ఇచ్చెయ్యండి. గంటలో తీసేస్తాను, గరగరమంటే ఆపేస్తాను. నా చెవే కదా మూర్తిగారూ."

ఈ పనిలోకి వచ్చే పిల్లలూ, ఇక్కడే మీకు నా అవసరం. ఓములు, వోల్టులు పుస్తకాల్లో ఉన్నాయి. ప్రాధేయపడే మనిషి ఎదురుగా నిలబడితే ఏం చెయ్యాలో ఎక్కడా లేదు. ఆయన అడిగింది న్యాయమనిపించింది. ఇచ్చేయాలనిపించింది. ఆయనకున్న రోజుల్లోంచి తొమ్మిది నేను లాక్కుంటున్నాను, అది నాకు తెలుసు. అయినా తొమ్మిదే అన్నాను, ఒక్కటి కూడా తగ్గించనన్నాను. ఆయన చెయ్యి వదిలేసి గోడవైపు తిరిగిపోయారు.

తొమ్మిదో రోజున నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆరు గంటలు వేడెక్కించి, గంట గంటకీ కొలిచి, కార్డు మీద రాసి, ముందు నా చెవికి పెట్టుకుని విని ఇచ్చాను. ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆల్టో రాయడానికి పదకొండు సాయంత్రాలు పట్టిందని తర్వాత గ్రేసమ్మ గారు చెప్పారు.

నేను రిటైరయ్యాను. మొన్న ఒక ఆదివారం ఆవిడ ఫోను చేసి చర్చికి రమ్మంటే వెళ్ళాను. ప్రభుదాసు గారికి ఇప్పుడు ఏ పాటా వినపడదు. ఎదురుగా పిల్లలు పన్నెండు మంది నిలబడ్డారు, ఇంట్లో హిందీలో మాట్లాడే పిల్లలు. ఆయన చెయ్యెత్తారు. ఆ కీర్తన నాలుగు వరసల్లో మొదలైంది. నా చెవులు రెండూ ఇంకా బాగానే ఉన్నాయి, జన్మంతా వాటితోనే బతికాను, నాకు ఎక్కడా వంక కనపడలేదు. రెండో చరణం మధ్యలో ఆయన చెయ్యి ఆపేశారు. ఆల్టో పాడుతున్న ఒక పిల్ల పెదాల వైపు చూసి, తప్పమ్మా, ముందే అందుకున్నావు అని తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదటినుంచి పాడించారు.